లోపలి గదికి నెట్టు కట్టెయ్యి

మా సారు ఫోన్లో చెప్పిన మాటను నేను సరిగ్గానే విన్నాను. ఈ సంగతి మొదట్లోనే చెప్పేస్తే నాకు మనశ్శాంతి. ఇన్నేళ్ళయినా ఈ కథ ఎవరికి చెప్పినా, సగంలోనే నవ్వేసి "అంటే నువ్వు తప్పు విన్నావన్నమాట" అంటారు. వినలేదు. అక్షరం పొల్లుపోకుండా విన్నాను, విన్నది విన్నట్టే చేశాను. గొడవంతా అందువల్లే వచ్చింది.

బ్రాడ్‌బ్యాండ్ మా చిత్తూరు జిల్లాకు కొత్తగా వచ్చిన కాలం అది. తిరుపతిలో కంప్యూటర్ డిప్లొమా చేసి, నేర్చుకున్న ఇన్‌స్టిట్యూట్‌లోనే పిల్లలకు పాఠాలు చెబుతూ ఉండేదాన్ని. జీతం మాటెత్తితే "అనుభవం వస్తోంది కదమ్మా" అనేవాళ్ళు. ఒక్క మౌసు మార్చాలన్నా నలుగురిని బతిమాలాలి. నాకసలే ముక్కు మీద కోపం. ఒకరోజు ఆ అనుభవమేదో వాళ్ళనే ఉంచుకోమని చెప్పి వచ్చేశాను.

ఇంట్లో మా నాయన తనకు తెలిసిన నలుగురికీ చెప్పి పెట్టాడు. వాళ్ళలో ఒకాయన, పూతలపట్టు దగ్గర మామిడి జ్యూస్ ఫ్యాక్టరీలో కంప్యూటర్లు చూసుకునే మనిషి కావాలంటున్నారని కబురు తెచ్చాడు. జ్యూస్ ఫ్యాక్టరీ అని అందరూ అంటారుగానీ అక్కడ తీసేది గుజ్జు. తోతాపురి కాయలు మాగబెట్టి, గుజ్జు తీసి, ఉడికించి, డబ్బాల్లోకి ఎత్తి పంపుతారు. మామిడి సీజన్లో ఆ రోడ్డు మీద పోతుంటే కిటికీలు మూసినా బస్సంతా అదే వాసన.

నేను వెళ్ళిన రోజున ఓనరు నన్ను కూర్చోమనలేదు, సర్టిఫికెట్లు చూడలేదు. ట్రాక్టర్లు తూకం వేసే కాటా దగ్గర నిలబడి, కాయలు దింపిస్తూ, అక్కడి నుంచే కేకేశాడు.

"కంప్యూటరు చెడిపోతే బాగు చేస్తావా?"

"చేస్తాను సార్."

"తిరప్తి నుంచి దినామూ బస్సులో వస్తావా?"

"వస్తాను సార్."

"సరే, ఈ సీజను దాకా సూస్తా. పనికొస్తే ఉండు. లేదంటే ఎవురి దావ వాళ్ళది."

అందరూ సారు అని పిలవడమేగానీ ఆయన అచ్చంగా రైతు. సొంత తోట కాయలను ఎవరెవరికో అడిగిన రేటుకు ఇచ్చి ఇచ్చి విసిగిపోయి, తానే ఫ్యాక్టరీ పెట్టాడు. పంచె కట్టు, భుజం మీద టవలు, పది మందికి వినిపించే గొంతు. ఆయనకు రహస్యం చెప్పడం కూడా కేక వేసినట్టే ఉండేది. కాయను చేతిలో పట్టుకొని ఏ మట్టిలో కాసిందో చెప్పేవాడుగానీ, కంప్యూటర్ మౌసును మాత్రం తేలును పట్టుకున్నట్టు పట్టుకునేవాడు.

నాకు మొదటి వారంలోనే ఆ ఉద్యోగం మీద ప్రాణం పడింది. ఆఫీసంటే రెండే గదులు. రోడ్డు వైపు ముందర గదిలో మూడు కంప్యూటర్లు: కాటా బిల్లులకు ఒకటి, అకౌంట్లకు ఒకటి, నాకు ఒకటి. దాని వెనక లోపలి గదిలో మూడు: సారుకు ఒకటి, ల్యాబుకు ఒకటి, ఎగుమతి కాగితాలు తయారు చేసేందుకు ఒకటి. ఆరింటికీ వైర్లు నేనే లాగి కలిపాను. నెట్టు మాత్రం ఒకే టెలిఫోను లైను మీద వచ్చేది. ఆ లైను వచ్చి చేరే డబ్బా నా టేబులు మీదే ఉండేది. ఏ కంప్యూటరుకు నెట్టు ఇవ్వాలో, దేనికి ఆపాలో అందులో నేనే టిక్కులు పెట్టాలి. దాని పాస్‌వర్డు నాకొక్కదానికే తెలుసు. ఇన్‌స్టిట్యూట్‌లో మౌసుకు బతిమాలిన మనిషికి అదెంత గొప్పో చెప్పలేను.

కానీ సీజను దాకానే అన్న మాట నెత్తిన కూర్చొని ఉండేది. పైగా ఒకరోజు సారు ఇంకో ముడి కూడా వేశాడు. గల్ఫ్ కంపెనీ ఒకటి మా గుజ్జు నమూనా తెప్పించుకుంది. నచ్చితే ఏటేటా కొంటారు.

"ఆ ఆర్డరు కుదిరితే మన పేరుతో మనమే ఎగుమతి. కుదరకపోతే ముందటి మాదిరే వేరే ఫ్యాక్టరీలోల్లకు గుజ్జు పట్టి ఇచ్చుకుంటా ఉంటాం. అప్పుడు ఇన్ని కంప్యూటర్లు నాకెందుకు? కాటాకొకటి సాలు" అన్నాడు.

కాటాకొకటి చాలంటే నేను అక్కర్లేదనే కదా. అంటే ఆ గల్ఫ్ కంపెనీ వాళ్ళు గుజ్జు నాకి బాగుందంటే నాకు ఉద్యోగం, లేకపోతే మళ్ళీ అదే ఇన్‌స్టిట్యూట్ మెట్లు ఎక్కడం. ఆ రోజు నుంచీ ఆ కంపెనీ మెయిలు కోసం సారుకంటే నేనే ఎక్కువ ఎదురుచూశాను.

వాళ్ళడిగిన కాగితాలు పంపడమే పెద్ద తలనొప్పిగా ఉండేది. ల్యాబు రిపోర్టు, డబ్బా మీద అంటించే లేబులు బొమ్మ జతచేసి మెయిలు కొడితే, సగం దాకా పోయి ఆగిపోయేది. కారణం నా పక్క టేబులు మీదే ఉంది. అకౌంట్లు రాసే పెద్దాయన మంచివాడు, సారుకు దూరపు చుట్టం. పొద్దున్నే విభూతి పెట్టుకొని వచ్చి కుర్చీలో కూర్చోగానే పాత సినిమా పాటలు డౌన్‌లోడ్‌కు పెట్టేవాడు. ఒకటి కాదు, ఒక వరస. కాటా బిల్లులు రాసే ఆయనకు క్రికెట్ పిచ్చి. వీళ్ళిద్దరి మధ్య మా గుజ్జు రిపోర్టు దారి దొరక్క నిలబడిపోయేది.

"ఎందుకమ్మా పోలేదు?" అని సారు నా కుర్చీ వెనక నిలబడి అడిగాడు.

"లైను ఒకటే సార్. ముందర గదిలో పాటలు దిగుతున్నాయి."

"పాటలు దిగుతాండాయా? యాడ నుంచి?"

చెప్పాను. ఆయన అకౌంట్ల పెద్దాయన వైపు ఒక చూపు చూసి, "ఉండు, ఆలోచన చేసి చెప్తా" అన్నాడు.

అదే వారం ఇంకొకటి జరిగింది. ల్యాబులో గుజ్జు తీపి, పులుపు కొలిచే అక్క ఒకామె ఉండేది. కంపెనీ మెయిళ్ళు పంపేది, వచ్చినవి చూసేది కూడా ఆమే; ఆ మెయిలు పాస్‌వర్డు ఆమెకూ సారుకూ తప్ప తెలియదు. చిత్తూరు పక్కన పల్లె. వాళ్ళ చర్చిలో పాడే పాటలు ప్రింటు తీసుకుందామని ఎవరిదో పెన్‌డ్రైవ్ తెచ్చి పెట్టింది. అందులో వైరసు ఉంది. ల్యాబు కంప్యూటర్ని బాగు చెయ్యడానికి నాకు ఒక రోజంతా పట్టింది. ఆ కోపంలో సారు ముందు చిన్న ఉపన్యాసం ఇచ్చాను. ముఖ్యమైన కాగితాలుండే కంప్యూటర్లను నెట్టుకు ఎంత దూరంగా పెడితే అంత మంచిదని, పెద్ద పెద్ద కంపెనీల్లో అట్లాగే చేస్తారని. పెద్ద కంపెనీల్లో ఏం చేస్తారో నాకేం తెలుసు! సారు మాత్రం శ్రద్ధగా తల ఊపాడు.

ఆ మరుసటి రోజే ఫోను వచ్చింది. సారు కార్వేటినగరం వైపు తోటల్లో కాయలు బేరమాడుతున్నాడు. వెనక మోటారు చప్పుడు, మనుషుల అరుపులు. ఆయన గొంతు వాటన్నిటినీ దాటుకొని వచ్చింది.

"అమ్మా, లోపలి గదికి నెట్టు కట్టెయ్యి!"

"లోపలి గదికా సార్?"

"లోపలి గదికే. మూడింటికీ. బాగా కట్టెయ్యి."

"ముందర గదికి కూడానా సార్?"

"దానికెందుకమ్మా! లోపలి గదికి మాత్రమే."

ఇంతకంటే స్పష్టంగా ఎవరైనా ఎట్లా చెబుతారు? ఎట్లా అడుగుతారు? టీవీ కట్టెయ్యి అంటే ఏం చేస్తామో నేను అదే చేశాను. లోపలి గది మూడింటికీ టిక్కులు తీసేశాను. బాగా కట్టెయ్యమన్నాడు కాబట్టి, ఎవరూ ఇంకో దారిలో నెట్టు తెచ్చుకోకుండా గట్టి ఏర్పాట్లు కూడా చేశాను. నా ఉపన్యాసం ఆయన తలకెక్కిందని ఎంత గర్వపడ్డానో. ఇంటికి వెళ్ళి మా నాయనకు కూడా చెప్పాను, మా సారు నా సలహా విన్నాడని.

ముందర గదికి ఆ రోజు నుంచీ పండగే. సగం కంప్యూటర్లు తప్పుకునేసరికి నెట్టు పరుగులు తీసింది. అకౌంట్ల పెద్దాయన ముఖం వెలిగిపోయింది.

"నీ చెయ్యి మంచిదమ్మా. పాట అట్లా అడిగితే ఇట్లా దిగుతాండాది" అని రోజూ ఇంటి నుంచి నాకు మురుకులు తెచ్చిపెట్టేవాడు. నేను తిన్నాను. పని బాగా చేసినందుకే అనుకొని తిన్నాను.

ల్యాబు అక్క లోపలి నుంచి వచ్చి ఒక్కసారే అడిగింది.

"పాపా, నాకు నెట్టు రాలేదే?"

"సారే కట్టెయ్యమన్నారక్కా."

ఆమె ముఖం చిన్నబోయింది. ఇంకేమీ అడగకుండా వెళ్ళిపోయింది. పెన్‌డ్రైవ్ సంగతి మనసులో పెట్టుకొని సారు తనకు నెట్టు తీయించాడని ఆమె అనుకుంది. ఆ సంగతి నాకు తర్వాత తెలిసింది. ఆత్మాభిమానం ఉన్న మనిషి. నమ్మకం లేని చోట మనం అడిగేదేందని, మెయిలు జోలికే వెళ్ళలేదు.

మరి మెయిళ్ళు ఎవరు చూస్తున్నారని నాకు అనుమానం రాలేదా అంటే, వచ్చింది. చిత్తూరులో సారు వాళ్ళింట్లో కూడా నెట్టు ఉంది, అక్కడ చూసుకుంటున్నాడని నాకు నేనే సర్ది చెప్పుకున్నాను. సారేమో కాయల కోసం తోటల వెంట తిరుగుతూ, మధ్యలో ఎప్పుడో వచ్చి, జీపు దిగకుండానే లోపలికి కేకేసేవాడు.

"ఏమ్మా, వాళ్ళ నుంచి ఏమన్నా వచ్చిందా?"

"యాడ నుంచి వస్తాది సార్?" అని ల్యాబు అక్క లోపలి నుంచే అనేది.

ఆ మాటలో ఉన్న కారం ఆయనకు తగలలేదు. గల్ఫ్ వాళ్ళు ఇంకా ఆలోచించుకుంటున్నారనుకొని జీపు తిప్పుకొని పోయేవాడు. నేను ముందర గదిలో, ఆయన అడిగేది ఫోను గురించనుకొని, మురుకులు నములుతూ, మెయిలు ఎప్పుడొస్తుందా అని దేవుళ్ళకు మొక్కుకుంటూ ఉండేదాన్ని.

ఒక మధ్యాహ్నం సారు తీరిగ్గా వచ్చాడు. లోపలి గదిలో కూర్చొని, ఎన్నడూ లేనిది తానే మౌసు పట్టుకొని మెయిలు తెరవబోయాడు. తెరుచుకోలేదు. అదే సమయంలో ముందర గదిలో అకౌంట్ల పెద్దాయన కంప్యూటర్ నుంచి యుగళగీతం ఒకటి హాయిగా మోగుతోంది. తలుపు దడాలున తెరుచుకుంది.

"ఏమ్మా! లోపలి గదికి నెట్టు కట్టెయ్యమని చెప్పినానా లేదా?"

"చెప్పారు సార్. కట్టేశాను."

"యాడ కట్టినావు? ఒక్క చుక్క రాలేదే!"

"కట్టేస్తే ఎట్లా వస్తుంది సార్?"

"కట్టేస్తే రాకుండా యాడికి పోతాది?"

నేను మీరే చెప్పారంటాను, ఆయన నేనే చెప్పినా అంటాడు. గొంతులు లేచాయి. నా గొంతూ తక్కువది కాదు. ఓనరు అన్న సంగతి కూడా మర్చిపోయి, "చెప్పిన మాట మీద నిలబడాలి సార్" అనేశాను. అంటున్నప్పుడే ఉద్యోగం పోయినట్టు కళ్ళకు కనిపించింది. అయినా నోరు ఆగలేదు. యార్డులో కాయలు ఏరుతున్న ఆడవాళ్ళు కూడా కిటికీ దగ్గరికి వచ్చి నిలబడ్డారు.

అకౌంట్ల పెద్దాయన పాట ఆపి, మధ్యవర్తిగా లేచాడు.

"ఇద్దురూ ఇట్లా అరుసుకుంటే తెగేది కాదబ్బా ఇది. కాణిపాకం ఈడే గదా ఉండేది. పోయి సామి ముందర ప్రమాణం చేసుకోండి."

మా వైపు ఏ తగాదా తెగకపోయినా చివరికి వచ్చేది ఆ మాటే. అక్కడ అబద్ధం చెప్పే ధైర్యం ఎవరికీ ఉండదు.

"పదండి సార్, నేను రెడీ" అన్నాను.

"నేనూ రెడీనే. జీపెక్కు" అన్నాడాయన. టవలు దులిపి భుజాన వేసుకున్నాడు కూడా. గుమ్మం దాకా వెళ్ళి ఆగి, "అవునూ, సామి ముందర ఏమని చెప్తావు?" అని అడిగాడు.

"మీరు కట్టెయ్యమన్నారని."

"నేను గూడా అదే గదా చెప్పబొయ్యేది, కట్టెయ్యమన్నానని!"

ల్యాబు అక్క అప్పటిదాకా తన గది గుమ్మంలో తెల్లకోటు జేబుల్లో చేతులు పెట్టుకొని నిలబడి ఉంది. ఒక్కసారిగా పగలబడి నవ్వింది.

"ఇద్దురూ పోయి ఒకటే మాట చెప్పి వస్తారా? ఆ సామికి దిక్కు తెలియకుండా పోతాది" అంది. తర్వాత సారు వైపు తిరిగింది. "సార్, సేనికి నీళ్ళు కట్టెయ్యి అంటే మీ తోటలో మనిషి ఏం చేస్తాడు?"

"కాలవ తిప్పి సేనికి నీళ్ళు పారిస్తాడు. ఇంకేం చేస్తాడు?"

"పాపా, కుళాయి కట్టెయ్యి అని మీ అమ్మ చెప్తే నువ్వేం చేస్తావు?"

"నీళ్ళు ఆపేస్తాను."

సారు భుజాన వేసుకున్న టవలు మళ్ళీ తీసేశాడు.

"మా ఇంట్లో కుళాయీ ఉండాది, సేనూ ఉండాది. అందుకని నాకు రెండూ తెలుసు" అంది అక్క. అంతలో ఆమెకు ఇంకోటి తట్టినట్టుంది, గొంతు మారిపోయింది. "అంటే... నాకు నెట్టు తియ్యమని మీరు చెప్పలేదా సార్?"

"నీకు తీస్తానా? నీ రిపోర్టులు బిరీన పోవాలనే గదమ్మా కట్టమనింది!"

అక్క కళ్ళు తుడుచుకుంటూ లోపలికి వెళ్ళిపోయింది. సారు నా వైపు తిరిగాడు.

"కాలవ ఒకటే గదా ఉండేది. దాన్ని లోపలి సేనికి తిప్పితే ముందర సేనికి దానంతటదే ఆగిపోతాది. ఇది గూడా ఇడమరిచి చెప్పాల్నా?"

"ఇది కాలవ కాదు సార్, కంప్యూటర్" అన్నాను. అని, నెట్టు డబ్బా దగ్గర కూర్చొని, లోపలి గదికి టిక్కులు పెట్టి ముందర గదికి తీసేశాను. అకౌంట్ల పెద్దాయన పాట సగంలో చిక్కుకుపోయింది. ఆయన నన్ను చూసిన చూపుకు, మర్నాటి నుంచి మురుకులుండవని అర్థమైంది.

లోపలి గదిలో మెయిళ్ళు బిలబిలమంటూ దిగాయి. గల్ఫ్ కంపెనీవి మూడు ఉన్నాయి. మొదటిదాంట్లో గుజ్జు చాలా బాగుందని, ల్యాబు రిపోర్టు పంపితే ముందుకు వెళ్దామని ఉంది. రెండోదాంట్లో రిపోర్టు కోసం చూస్తున్నామని ఉంది. మూడోది ఆ పొద్దునే వచ్చింది, రెండే వాక్యాలు. మీకు ఆసక్తి లేనట్టుంది, చెన్నైలో ఉన్న మా మనిషి రేపు పొద్దున మీ వైపు వచ్చి వేరే ఫ్యాక్టరీతో మాట్లాడుకుంటాడు.

నేను చదివి తెలుగులో చెబుతుంటే సారు కుర్చీలో కూలబడ్డాడు. తిట్టినా బాగుండేది. బయట యార్డులో కాయలు గుట్టలుగా పోసి ఉన్నాయి. నాకు ఏడుపు ఆగలేదు. ఇన్‌స్టిట్యూట్ వాళ్ళ ముఖాలు ఒక్కొక్కటే కళ్ళ ముందుకు వచ్చాయి.

రిపోర్టు, లేబులు బొమ్మ అన్నీ జతచేసి అప్పటికప్పుడు మెయిలు కొట్టాం. ఆగకుండా, ఒక్క ఊపులో పోయింది. అది చూసి సారు లేచి, నన్నూ ల్యాబు అక్కనూ పిలిచాడు.

"కాయితం పోయింది, సరే. ఆ మనిసిని పట్టుకోవాల. చెన్నై నుంచి వచ్చే కారు పూతలపట్టు దాటకుండా యాడికి పోతాది? పొద్దున ఇద్దురూ ఆడికి రాండి."

మర్నాడు పొద్దున పూతలపట్టు కూడలిలో టీ కొట్టు ముందు ముగ్గురం కాపలా కాశాం. నా చేతిలో రిపోర్టులున్న కవరు, ల్యాబు అక్క చేతిలో గుజ్జు డబ్బా, గాజు గ్లాసులు. సారు రోడ్డు మధ్యకు వెళ్ళి, తమిళనాడు నంబరున్న ప్రతి కారుకూ చెయ్యి అడ్డం పెట్టసాగాడు. ఆ రోడ్డు మీద తమిళనాడు కార్లకు కరువేముంది! అందరూ తిరుమలకు వచ్చిపోయే భక్తులే. కారు ఆగగానే సారు లోపలికి తొంగి చూసేవాడు, గుండ్లు, పిల్లలు, పులిహోర డబ్బాలు కనిపించేవి. ఒక కుటుంబం కాణిపాకం ఎటు పోవాలని అడిగితే, అంత కంగారులోనూ నిలబడి చేతులు తిప్పుతూ దారి చెప్పి పంపాడు.

చివరికి ఒక కారు దానంతటదే ఆగింది. కళ్ళజోడాయన ఒకరు అద్దం దించి, కాగితం చూసి, ఫలానా ఫ్యాక్టరీ ఎక్కడని తమిళంలో అడిగాడు. అది మా పోటీ ఫ్యాక్టరీ పేరు. సారు కారు తలుపు తీసి పట్టుకొని, ఆ ఫ్యాక్టరీ తర్వాత చూపిస్తాను, ముందు టీ తాగండని తమిళంలోనే అన్నాడు. మా సారుకు ఇంగ్లీషులో ఎస్, ఓకే తప్ప రావు. తమిళం మాత్రం సొంత భాషలాగే మాట్లాడతాడు. అన్నాళ్ళూ నేనూ ఆయనా కలిసి డిక్షనరీ చూసుకుంటూ బిగుసుకుపోయిన ఇంగ్లీషు ఉత్తరాలు రాశాం. ఈ భాష ఒకటి చేతిలో ఉందని ఇద్దరికీ తోచలేదు.

మా ఫ్యాక్టరీ పేరు విని ఆయన దిగాడుగానీ, ముఖం ముడుచుకొనే ఉన్నాడు.

"మెయిలుక్కు ఒరు పదిల్ కూడ ఇల్లయే" అన్నాడు. ఒక్క మెయిలుకు కూడా జవాబు లేదేమని.

సారు జరిగింది జరిగినట్టు చెప్పడం మొదలుపెట్టాడు. లైను ఒకటేనని, ముందర గదిలో పాటలని, తోటలో నుంచి ఫోను చేశానని. మధ్యలో నన్ను వేలుపెట్టి చూపించాడు. తిరుపతిలో పుట్టిన దాన్ని, నాకూ తమిళం అర్థమవుతుంది. అర్థం కాకపోయినా బాగుండేదనిపించింది. కట్టెయ్యమని చెప్పిన చోటికి కథ వచ్చేసరికి కళ్ళజోడాయన టీ గ్లాసు గాల్లోనే ఆగింది.

"ఓహో! తణ్ణి కట్ర మాదిరి సొన్నీంగళా?"

నీళ్ళు కట్టినట్టు చెప్పారా అని! ఆయనది అరక్కోణం దగ్గర పల్లె, చిన్నప్పుడు వరి మడికి నీళ్ళు కట్టిన మనిషే. వాళ్ళ తమిళంలో కూడా చేనికి నీళ్ళు పెట్టడాన్ని కట్టడమనే అంటారట.

"అంద పొణ్ణు కొళాయి మాదిరి మూడిట్టాళా!" ఆ పిల్ల కుళాయిలాగా మూసేసిందా అని, కళ్ళజోడు తీసి పక్కన పెట్టి మరీ నవ్వాడు. టీ ఒలికి చొక్కా మీద పడింది. సారు నవ్వాడు, టీ కొట్టాయన నవ్వాడు, ల్యాబు అక్క గ్లాసులు కింద పెట్టి నవ్వింది. అరక్కోణం ఆయనకు తెలిసిన మాట తిరుపతి పిల్లకు తెలియదా అని సారు అంటే మళ్ళీ ఇంకో విడత. నేను నవ్వలేదు. వాళ్ళెవరూ మా వీధి కుళాయి దగ్గర బిందెతో నిలబడలేదు కదా.

అక్క గుజ్జు గ్లాసులో పోసి ఇచ్చింది. ఆయన ఒక గుక్క తాగి, నవ్వు ఆపేశాడు. ఇంకో గుక్క తాగాడు. కవరు తీసుకొని రిపోర్టు ఒక్కొక్క అంకె మీదా వేలు పెట్టి చదివాడు. అక్కను రెండు ప్రశ్నలు అడిగాడు, ఆమె తడుముకోకుండా చెప్పింది. తర్వాత పోటీ ఫ్యాక్టరీ అడ్రసున్న కాగితం మడిచి జేబులో పెట్టుకొని, మీ ఫ్యాక్టరీ చూద్దాం పదండన్నాడు.

ఫ్యాక్టరీ అంతా తిరిగాడు. కాయలు కడిగే చోట నిలబడ్డాడు, డబ్బాలు తట్టి చూశాడు. లోపలి గదిలో మా సారు కంప్యూటర్ ముందే కూర్చొని, తన కంపెనీకి తానే మెయిలు పంపాడు, ఈ సీజను సరుకు ఇక్కడే తీసుకుంటున్నామని. వెళ్ళేటప్పుడు కారెక్కుతూ నన్ను చూసి మళ్ళీ నవ్వాడు.

కారు గేటు దాటేదాకా సారు కూడా నవ్వుతూనే ఉన్నాడు. దాటగానే ముఖం మారింది. "ఇట్లా రామ్మా" అని నన్ను లోపలి గదిలోకి పిలిచాడు. ఆర్డరు వచ్చిన సంతోషం నాకు అక్కడే సగం చచ్చింది. ఓనరు మీద నలుగురి ముందు అరిచిన దాన్ని. ఎవురి దావ వాళ్ళదని ఇప్పుడు చెప్పేస్తాడని సిద్ధపడ్డాను.

"నీకు బుద్ధుండాదా? మాట అర్థం గాకపోతే ఇంకోతూరి అడగాల. నోరు లేదా? నాతో కొట్లాడేదానికైతే ఉండాది గదా నోరు, ఊరంతా ఇనేమాదిరి! ఆ మనిసి నవ్వినాడు గాబట్టి సరిపోయె. నవ్వకపోయింటే? ఇంత గుజ్జు తీసకపొయ్యి ఎవురి నోట్లో పొయ్యాల? ఈతూరికి ఇడిసిపెడతాండా. వచ్చే సీజన్లో గూడా ఇట్లాంటి పని చేసినావంటే మాత్రం ఊరుకునేది లేదు, సూడు!"

ఆ తర్వాత ఆయన ఇంకా ఏమేమో అన్నాడు. నాకు వినబడలేదు.

"తిడతాంటే నవ్వేదేంది?" అని గద్దించాడు.

"ఏం లేదు సార్. ఇందాక వచ్చే సీజను అన్నారే, ఆ మాట ఇంకోసారి చెప్పండి. అర్థం కాకపోతే అడగమన్నారు కదా."

"వచ్చే సీజన్లో గూడా ఇట్లా చేస్తే ఊరుకోను అంటాండా. అర్థమయిందా?"

బాగా అర్థమైందని చెప్పి, ముందర గదిలోకి పోయి మా నాయనకు ఫోను చేశాను.